ముందు వేడి, తర్వాత మందు

బుజ్జీ,

ఒంట్లో బాగోలేని నీ జీబ్రా ఫించ్, అదే ఆ గింజలు తినే చిన్న పిట్ట, దాని వీడియో పంపావు కదా, రెండుసార్లు చూశాను. ఈ ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు, ముందు లేచి ఆ పిట్టని విడిగా పెట్టు. చిన్న పంజరం ఉంటే మంచిది, లేకపోతే పైన వల కట్టిన ప్లాస్టిక్ డబ్బా అయినా చాలు. ఎక్కే కర్ర ఒకటే పెట్టు, అదీ నేలకి రెండు వేళ్ళ ఎత్తులో. గింజలు నేలమీదే చల్లు, నీళ్ళు చిన్న మూతలో పెట్టు. మూడు వైపులా గుడ్డ కప్పి, నాలుగో వైపు వెలుతురు రానివ్వు. చీకట్లో పిట్ట తినదు. ఒక చివర వేడినీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి ఆనించు. బల్బయితే పంజరం బయట పెట్టాలి, అదీ పాతకాలపు వేడి బల్బే. ఎల్‌ఈడీ వెలుగే ఇస్తుంది, పిట్టని కాచేంత వేడి ఇవ్వదు. ఆ చివర 30 డిగ్రీల దగ్గర ఉండాలి, రెండో చివర చల్లగా ఉండాలి. ఏ చివర కావాలో పిట్టే చూసుకుంటుంది. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుందంటే వేడి ఎక్కువైందని, తగ్గించు.

పెట్టావా? ఇప్పుడు కూర్చుని చదువు.

"మందేమిటి పెద్దమ్మా" అని మూడుసార్లు అడిగావు. అందుకే ముందు వేడి గురించి చెప్పాను. జీబ్రా ఫించ్ బరువు 12 నుంచి 15 గ్రాములు. దాని ఒంటి వేడి మాత్రం 40 డిగ్రీల పైమాటే, అంటే మనకి జ్వరమొచ్చినప్పటికంటే ఎక్కువ. అంత చిన్న ఒంట్లోంచి వేడి ఇట్టే జారిపోతుంది, అది నిలబెట్టుకోవడానికే గంటగంటకీ తింటూ ఉంటుంది. జబ్బు చేస్తే తిండి తగ్గుతుంది, తిండి తగ్గితే ఒళ్ళు చల్లబడుతుంది, చల్లబడితే తినే ఓపిక కూడా పోతుంది. ఒక్క రోజు తినకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఈకలు బంతిలా ఉబ్బించుకుని కూర్చోవడం దుప్పటి కప్పుకోవడం లాంటిదే. ఆ పని బయటి వేడి చేసిపెడితే ఉన్న కాస్త బలం జబ్బుతో పోరాడటానికి మిగులుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళేదాకా దాన్ని నిలబెట్టేది ఇదే.

"నిన్నటిదాకా బాగానే ఉంది" అన్నావు. ఫించ్‌లు పెంచే ప్రతివాళ్ళూ అనే మాటే. నిన్న కూడా బాగా లేదమ్మా, బాగున్నట్టు కనిపించింది. గుంపులో తేడాగా కనబడ్డదాన్నే గద్ద ఎత్తుకుపోతుంది కాబట్టి ఈ జాతి అంతా జబ్బు దాచడంలో ఆరితేరింది. నువ్వు పంజరం దగ్గరికి వెళ్ళగానే నిటారుగా లేచి, ఈకలు సర్దుకుని, గింజ నోట్లో వేసుకున్నట్టు నటిస్తుంది. అందుకే దగ్గరికెళ్ళి చూసింది లెక్కలోకి రాదు. తలుపు చాటు నుంచి పది నిమిషాలు చూడాలి. నేను రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడేది అందుకే. మీ పెదనాన్న నన్ను చూసి నవ్వేవారు.

ఆ అలవాటు ఊరికే రాలేదు. మొదట్లో నా దగ్గర గౌల్డియన్ అనే ఇంకో రకం ఫించ్, మగపిట్ట, ఒకటి ఉండేది. రాత్రిళ్ళు ఆ గదిలో సన్నగా టిక్ టిక్ అని వినబడేది. గోడ గడియారం అనుకున్నాను. పాట మానేసింది, ఈకలు రాలే కాలం అనుకున్నాను. అప్పుడప్పుడూ తల విదిలించేది, ముక్కు కర్రకి రుద్దేది, అదీ పట్టించుకోలేదు. ఆ టిక్ టిక్ దాని ఊపిరిలోంచి వస్తోంది. గాలి గొట్టంలోనూ, ఊపిరితిత్తులకి తోడుగా ఉండే గాలి సంచుల్లోనూ చేరే మైట్స్ అనే సూక్ష్మ పురుగుల పని అది. గౌల్డియన్లకీ కెనరీ పిట్టలకీ బాగా పడుతుంది. నాకు తెలిసేసరికి ఆ పిట్ట పోయింది. దాని జోడుకి డాక్టర్ మెడ వెనక చర్మం మీద ఒక్క చుక్క మందు వేశారు, కొన్నాళ్ళకి మళ్ళీ వేశారు, అది బతికింది. ఆ గదిలో గడియారం తర్వాత ఎప్పుడూ పెట్టలేదు.

వీడియోలో నాకు భయం వేసింది ఉబ్బిన ఈకల్ని చూసి కాదు. ఆరోగ్యంగా ఉన్న పిట్టా ఉబ్బుతుంది, కునుకూ తీస్తుంది, కానీ మామూలుగా ఒంటికాలి మీద, తల వెనక్కి దోపుకుని. అలికిడైతే టక్కున లేస్తుంది. నీది రెండు కాళ్ళ మీద నిలబడి కళ్ళు సగం మూసుకుంది, పక్కది వచ్చి తన్నినా కదల్లేదు. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతోంది, చూశావా? అది ఊపిరి కష్టమవుతోందనడానికి గుర్తు. తోక ఊగుతున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, పంజరం అడుగున కూర్చుని ఎగరలేకపోయినా మర్నాటిదాకా ఆగకూడదు. మిగతా గుర్తులకి మామూలుగా ఒక పూట గమనించే వ్యవధి ఉంటుంది.

గింజల గిన్నె నిండుగానే ఉందన్నావు. ఊది చూశావా? ఫించ్ గింజ పొట్టు తీసి పప్పు మాత్రమే తింటుంది, పొట్టు గిన్నెలోనే పడుతుంది. పైకి నిండుగా కనబడే గిన్నెలో ఒక్కోసారి ఊకే మిగులుతుంది. జబ్బు లేకుండానే ఆకలితో నీరసించిన పిట్టల్ని చూశాను. ఇప్పుడు దాని ముందు ఒక కొర్ర కంకి నేలమీద పెట్టు. ఏమీ ముట్టని పిట్ట కూడా చాలాసార్లు కంకిని పొడుస్తుంది.

అడుగున తెల్ల కాగితం వెయ్యి, రాతలేనిది. రెట్ట చదవడం నేర్చుకోవాలి. ముదురు రంగు ముద్ద, దాని మీద తెల్లటి సున్నం లాంటిది, చుట్టూ కాస్త నీరు. ఇది మామూలు. కీరా ముక్క తిన్న రోజు నీరు ఎక్కువైతే కంగారు పడకు. ముదురాకుపచ్చగా కొంచెం కొంచెం పడుతోందంటే తినడం లేదని. తెల్లగా ఉండాల్సింది పసుపుగానో ఆకుపచ్చగానో మారితే కాలేయం బాధపడుతుండవచ్చు, అదే రోజు చూపించాలి.

వంటింటి తూకం, 0.1 గ్రామ్ చూపించేది, ఒకటి కొనుక్కో. 13 గ్రాముల పిట్ట ఒక గ్రామ్ తగ్గితే, 60 కిలోల మనిషి నాలుగున్నర కిలోలు తగ్గినట్టు. కంటికి తెలియదు, ఈకలు దాచేస్తాయి. చేత్తో పట్టుకోవాల్సి వస్తే దీపం ఆర్పి పట్టుకో, వెంటబడి తరమకు. ఛాతీ మీద మాత్రం నొక్కకూడదు. పక్షులకి మనలా ఊపిరితిత్తుల కింద ఊగే పొర లేదు, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. నొక్కితే, బిగించి పట్టుకున్నామని మనకి తెలియకుండానే ఊపిరి ఆపేస్తాం. రొమ్ము, పొట్ట దగ్గర ఈకల్ని ఊదితే చర్మం కనబడుతుంది. రొమ్ము ఎముక కత్తి అంచులా పొడుచుకొచ్చి ఉంటే చాలా రోజులుగా తగ్గుతోందని.

నీది ఆడపిట్టేనా? అయితే ఇంకో మాట. పొట్ట కింద ఉబ్బి, అడుగున కూర్చుని ముక్కుతూ ఉంటే గుడ్డు అడ్డుపడిందేమో. వేడితో పాటు గాలిలో చెమ్మ కూడా కావాలి, పక్కన వేడినీళ్ళ గిన్నె పెట్టు, అది అందుకోలేనంత దూరంలో. గుడ్డుని నొక్కి తీయాలని చూడకు, లోపల పగిలితే ప్రాణం పోతుంది. గంటల్లోనే డాక్టర్ చూడాలి. కాల్షియం కోసం కటిల్‌బోన్, అదే సముద్రపు నురుగు అనే తెల్లటి పెళుసు ముక్క, ఎప్పుడూ పంజరంలో ఉండాలి. వరసగా గుడ్లు పెడుతూనే ఉంటే గూడు తీసెయ్యి, లేకపోతే ఎముకల్లోని కాల్షియం అంతా గుడ్లకే పోతుంది.

ఇక మందు. ఇంట్లో మిగిలిన మనుషుల మాత్ర పొడిచేసి నీళ్ళలో కలుపుతావేమో అని నా టెన్షన్. 13 గ్రాముల ఒంటికి మోతాదు మన అంచనాకి అందదు. పైగా జబ్బు పిట్ట నీళ్ళు తక్కువ తాగుతుంది, రంగో రుచో మారితే అసలు తాగదు, దాహంతో పోతుంది. ఆ మెడ మీద చుక్క మందు కూడా అంతే, డాక్టర్ లెక్క కట్టిందే వెయ్యాలి. కుక్కల్ని చూసే డాక్టరందరికీ పక్షుల సంగతి తెలియదు, ఫోన్ చేసి "ఇంత చిన్న పక్షిని చూస్తారా" అని అడిగి వెళ్ళు. పంజరం కడగకుండా తీసుకెళ్ళు. రెట్ట పడిన కాగితం, ఆ వీడియో చూపించు. దారిలో గుడ్డ కప్పు, వేడి తగ్గనివ్వకు.

దాని జోడు అరుస్తుంది. జాలిపడి ఇప్పుడే కలిపెయ్యకు. మిగతావి నీరసంగా ఉన్నదాన్ని పొడుస్తాయి, అంటుజబ్బయితే వాటికీ వస్తుంది. ముందు మిగతావి ఉన్న పెద్ద పంజరం పని చూసి, చేతులు కడుక్కోకుండా దీని దగ్గరికి వచ్చినా పరవాలేదు, కానీ ఇటునుంచి అటు వెళ్ళేటప్పుడు సబ్బుతో కడుక్కోవాలి. కోలుకున్నాక వేడి ఒక్కసారిగా తీసెయ్యకు, రోజుకి కొంచెం చొప్పున తగ్గించు. పోయిన నెల తెచ్చిన ఆ రెండు కొత్తవాటిని నేరుగా పెద్ద పంజరంలో వదిలావని మీ అమ్మ చెప్పింది. ఇకమీదట కొత్త పిట్ట 30 రోజులు వేరే గదిలో ఉండాలి. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మాడనివ్వకు, ఆ పొగకి పిట్టలు నిమిషాల్లో పోతాయి.

ఒకవేళ దక్కకపోతే, వెంటనే పాతిపెట్టకు. సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు, ఫ్రీజర్‌లో కాదు, గడ్డకడితే పరీక్షకి పనికిరాదు. ఎందుకు పోయిందో డాక్టర్ చూసి చెబితే మిగతా ఆరింటినీ కాపాడుకోవచ్చు. ఇది రాయడానికి నాకూ మనసొప్పలేదు.

డాక్టర్ దగ్గరికి ఇవాళే వెళ్ళు. తిరిగొచ్చాక, తూకం దొరికితే, పడుకునే ముందు ఒకసారి పిట్టని తూకం వెయ్యి. పొద్దున్న తినకముందు మళ్ళీ వేసి, కాగితం ఫోటో తీసి, రెండూ పంపు. డాక్టర్‌కి ఫోన్ చెయ్యగానే ఏమన్నారో నాకు చెప్పు, నేను మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ