ఇరవై వేలలో హెడ్‌ఫోన్, ఆంప్లిఫయర్ రెండూ కొనాలా?

చెన్నైలో ఓఎంఆర్ దగ్గర స్నేహితుడితో కలిసి అద్దెకుంటున్నానని, చేతిలో ఇరవై వేలు ఉన్నాయని, లాప్‌టాప్‌లో కచేరీలూ పాత తెలుగు సినిమా పాటలూ వింటానని రాశారు. సగం డబ్బుతో హెడ్‌ఫోన్, మిగతా సగంతో టేబుల్ మీద పెట్టుకునే ఆంప్లిఫయర్ కొనవచ్చా అని అడిగారు. వద్దండి. ఇప్పుడు ఆంప్లిఫయర్‌కు ఒక్క రూపాయి కూడా కేటాయించకండి. నేనూ ఇదే ఊళ్లో అద్దె ఇళ్లలో ఉంటూ ఏళ్లుగా హెడ్‌ఫోన్‌లోనే సంగీతం వింటున్నాను. నా టేబుల్ మీద ఆంప్లిఫయర్ ఉంది కూడా. అయినా ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

హెడ్‌ఫోన్ పెట్టె మీద రెండు అంకెలుంటాయి. ఓమ్‌లలో ఇంపెడెన్స్, అంటే కరెంటుకు హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు. డెసిబెల్స్‌లో సెన్సిటివిటీ, అంటే ఇంత విద్యుత్తు అందితే ఎంత మోత వస్తుందన్నది. చాలామంది మొదటి అంకె చూసి, ఇది ఆంప్లిఫయర్ లేనిదే మోగదని తేల్చేస్తారు. రెండూ కలిపి చూస్తేనే సంగతి తెలుస్తుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ 120 ఓమ్‌లది. ఒక వోల్టు అందితే 110 డెసిబెల్స్ వినిపిస్తుంది. ఆడియో టెక్నికా ఎం40ఎక్స్ 35 ఓమ్‌లదే. దాని సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 96 డెసిబెల్స్ అని కంపెనీ చెబుతుంది. వోల్టేజ్‌ను తనతో తానే గుణించి ఓమ్‌లతో భాగిస్తే వాట్లు వస్తాయి కదా, ఆ లెక్కన ఒక వోల్టుకు ఇదీ 110 దగ్గరే తేలుతుంది. ఒకటి 35, ఒకటి 120, మోత మాత్రం సమానం. అందరూ భయపడే బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో 250 ఓమ్ రకం కూడా ఇదే లెక్కలో 102 దాకా వెళ్తుంది.

ఆ ఒక వోల్టు ఎక్కడ దొరుకుతుందంటారా? యాపిల్ యూఎస్‌బీ-సీ హెడ్‌ఫోన్ అడాప్టర్ ఉంది, వేలెడంత తీగ. అది దాదాపు ఒక వోల్టు ఇస్తుంది. యూరప్‌లో అమ్మే రకం అందులో సగమే ఇస్తుంది కాబట్టి అక్కడి నుంచి ఎవరితోనూ తెప్పించుకోకండి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలిస్తే శబ్దం తక్కువగా వస్తుంది, లాప్‌టాప్‌తో ఆ ఇబ్బంది లేదు. ఇక చెవికి ఎంత కావాలి? ప్రశాంతంగా వినేటప్పుడు 70, 75 డెసిబెల్స్ చాలు. కచేరీలో తాళ వాద్యాలు మాత్రమే మోగే తనియావర్తనం ఊపందుకున్నప్పుడు ఇంకో 15, 20 పైకి లేస్తుంది. వారానికి 40 గంటలు వినేవాళ్లకు సగటున 80 డెసిబెల్స్ దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఆ చిన్న అడాప్టర్‌తోనే మీ చెవులకు కావలసినదానికంటే ఎక్కువే ఉంది.

లాప్‌టాప్‌కున్న సాకెట్‌లోనే ఎందుకు పెట్టకూడదంటే, కొన్నింటి అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే ఆ సాకెట్ తన వైపు నుంచి పెట్టే అడ్డు, బాగా ఎక్కువ. అది హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకపోతే మంచిది. దాటితే మామూలు డైనమిక్ హెడ్‌ఫోన్లలో కింది స్వరాలు ఉబ్బిపోతాయి. మృదంగం ఎడమ వైపు, అంటే తొప్పి మీద పడిన దెబ్బ గుండ్రంగా వినిపించి ఆగిపోవాల్సింది, బరువుగా సాగుతుంది. అడాప్టర్‌తో ఈ బెడద పోతుంది. మౌస్ కదిపినప్పుడల్లా వచ్చే సన్నటి గరగర కూడా చాలా లాప్‌టాప్‌లలో దాంతోనే పోతుంది.

కాబట్టి మీ డబ్బు, మీ ఆలోచన హెడ్‌ఫోన్ మీద పెట్టండి. మొదట తేలవలసింది చెవి మీది గిన్నె వెనక తెరిచి ఉండే ఓపెన్ బ్యాకా, మూసి ఉండే క్లోజ్డ్ బ్యాకా అన్నది. కచేరీ రికార్డింగులకు నాకు ఓపెన్ బ్యాకే ఇష్టం. తంబుర శ్రుతి చుట్టూ పరుచుకుని, గాత్రం, వయొలిన్ వేటి చోట అవి నిలబడతాయి. హెచ్‌డీ 560ఎస్ ఆ రకమే, నేను రోజూ వినేది అదే. కానీ చెన్నైలో ఏడాదిలో ఎక్కువ కాలం ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఓపెన్ బ్యాక్‌లోకి ఆ హోరు నేరుగా వస్తుంది, మంద్రంలో సన్నగా ముగిసే గమకం అందులో కలిసిపోతుంది. మీ పాట కూడా పక్క మంచం దాకా వినిపిస్తుంది. క్లోజ్డ్ బ్యాక్ అయితే పాట బయటకు పెద్దగా పోదు, ఫ్యాను హోరు కొంత తగ్గుతుంది, చెవులు మాత్రం చెమటలు పడతాయి. ఇక్కడి ఉక్కకు తోలులాంటి ప్లాస్టిక్ ఇయర్ ప్యాడ్లు పొరలు పొరలుగా రాలిపోవడం నేను పదే పదే చూశాను. వెల్వెట్ ప్యాడ్లు ఎక్కువ కాలం ఉంటాయి. క్లోజ్డ్ బ్యాక్ తీసుకుంటే విడి ప్యాడ్లు దొరికే మోడల్‌నే ఎంచుకోండి.

పాత పాటల సంగతి వేరు. ఘంటసాల కాలంనాటి పాటల్లో చాలా భాగం మోనో రికార్డింగులు. కుడి ఎడమ చెవుల్లో ఒకే శబ్దం ఉంటుంది గనుక విశాలమైన స్టేజ్ అని ప్రకటనల్లో చెప్పేది వాటికి ఏమీ చేయదు. అక్కడ కావలసింది గొంతు సహజంగా వినిపించడం. పై స్వరాలను పెంచి చూపే హెడ్‌ఫోన్లలో టేపు బుసబుసలు, ‘స’, ‘ష’ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి. డీటీ 990 అలాంటిదే. అది మీకు వద్దంటున్నది ఇందుకే, ఓమ్‌ల వల్ల కాదు.

ఆంప్లిఫయర్ నిజంగా ఎప్పుడు కావాలంటే, సెన్సిటివిటీ బాగా తక్కువగా ఉండే ప్లానర్ రకం, అంటే పల్చటి పొర మీద తీగ పరిచి చేసే హెడ్‌ఫోన్ కొన్నప్పుడు. అలాంటివి కరెంటు కూడా ఎక్కువ అడుగుతాయి. కింది, పై స్వరాల హెచ్చుతగ్గులు సర్దే ఈక్వలైజర్ వాడేవాళ్లకూ అవసరం పడవచ్చు. కింది స్వరాలను 6 డెసిబెల్స్ పెంచాలంటే అక్కడ రెట్టింపు వోల్టేజ్ కావాలి కదా. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఆంప్లిఫయర్ కంటే ముందు దాన్ని ప్రయత్నించండి, శబ్దంలో తేడా దానితోనే ఎక్కువ తెలుస్తుంది. నేను ఆంప్లిఫయర్ ఉంచుకున్నది చేతికందే నాబ్ కోసం, లాప్‌టాప్‌నూ టీవీనీ ఒకేచోట కలుపుకోవడం కోసం. పాట అందం దానివల్ల పెరిగిందని చెప్పలేను.

ఎప్పుడైనా కొంటే రెండు విషయాలు చూసుకోండి. గెయిన్, అంటే శబ్దాన్ని ఎన్ని రెట్లు పెంచాలో తేల్చే మీట, తక్కువలో పెట్టి వాడండి. నాబ్ మరీ మొదట్లో ఉన్నప్పుడు కుడి ఎడమల మధ్య హెచ్చుతగ్గులు వస్తాయి, గెయిన్ తగ్గిస్తే నాబ్‌ను ఇంకాస్త తిప్పి వినవచ్చు. రెండోది ఎర్తింగ్. పాత ఇళ్లలో అది సరిగా ఉండదు, లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే గుయ్యిమనే హోరు మొదలవుతుంది. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద వినండి. హోరు ఆగిపోతే ఆంప్లిఫయర్ మార్చి ప్రయోజనం లేదు, ఇంటి యజమానితో మాట్లాడి సాకెట్ ఎర్తింగ్ చూపించండి.

అన్నా శాలై పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో తీగలు, 6.35 మిల్లీమీటర్ల పిన్నులు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. హెడ్‌ఫోన్ మాత్రం జీఎస్టీ బిల్లు, మన దేశంలో చెల్లే వారంటీ ఇచ్చే చోటే తీసుకోండి. పేరున్న మోడళ్లకు నకిలీలు ఉన్నాయి. మీ స్నేహితుడు రాత్రుళ్లు అదే గదిలో పడుకుంటే ఎం40ఎక్స్, విడి గది అయితే హెచ్‌డీ 560ఎస్. ఇంతకీ మీరు కళ్లజోడు పెట్టుకుంటారా? పెట్టుకుంటే చెప్పండి, ప్యాడ్లు కళ్లజోడు కాడలను ఎలా నొక్కుతాయో కూడా చూసి సలహా ఇస్తాను.