మోటెల్ గది గురించి రాసేటప్పుడు

చిరంజీవి తమ్ముడికి,

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు నాచెజ్ ఊరి మీద నువ్వు రాసిన యాత్రా వ్యాసం రెండుసార్లు చదివాను. స్తంభాల మేడలకు మూడు పేజీలిచ్చావు. రాత్రి తలదాచుకున్న రోడ్డు పక్క మోటెల్‌కి రెండే వాక్యాలు: "గది పర్వాలేదు, కాస్త ముక్కిన వాసన. ఓనరు మనవాళ్ళే." రేపు పిల్లలతో అక్కడ దిగేవాళ్ళకి దీనివల్ల ఏం తెలిసినట్టు?

ముందు గది ఎటువైపో చెప్పు. ఆ ఊరి నుంచి మొదలయ్యే విహార రహదారి నాచెజ్ ట్రేస్ పార్క్‌వే మీదకి లారీలను రానివ్వరు. అవి యూఎస్ 61 లాంటి హైవేల మీదే పోవాలి. అందుకే హైవే వైపు గదికీ వెనకవైపు గదికీ నిద్రలో అంత తేడా. కింది అంతస్తైతే కారు గుమ్మం ముందే ఉంటుంది, కానీ నెత్తిమీద అడుగుల చప్పుడు. పైనైతే సామాను మెట్లెక్కించాలి, ఇలాంటి చోట్ల చాలావాటికి లిఫ్టు ఉండదు.

ముక్కిన వాసన ఎందుకో చెప్పకపోతే అది ఫిర్యాదుగానే మిగిలిపోతుంది. అక్కడి గాలిలో తేమ ఎక్కువ. కిటికీ కింద ఏసీ గదికి మించిన సైజుదైతే గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగే వ్యవధి దానికి దొరకదు. ఫ్యాను ఆగకుండా తిరిగేలా పెడితే కాయిల్ మీది నీరు మళ్ళీ గదిలోకే ఆవిరవుతుంది. 'ఆటో'లో పెట్టమను, ఫిల్టరుకు దుమ్ము పట్టిందేమో చూడమను.

నల్లుల సంగతి ఎత్తనే లేదు. సామాను ముందు బాత్‌టబ్‌లో పెట్టాలి. తలవైపు దుప్పటి ఎత్తి, పరుపు కుట్ల వెంట, మంచం తలాపు పలక వెనక ఫోన్ టార్చి వేసి చూడాలి. సిరా చుక్కల్లాంటి మచ్చలుంటే గది మార్చమనాలి. పక్కదీ, పైదీ, కిందదీ వద్దు, గోడల సందుల్లోంచి పాకుతాయి. ఎక్కడెక్కడ వెతికావో రాస్తేనే నీ మాట మీద నమ్మకం.

అద్దె ఎంతో పన్నులతో కలిపి, తేదీతో సహా రాయి. వసంతంలో పిల్‌గ్రిమేజ్ పేరిట పాత మేడలు చూడనిస్తారు, ఆ వారాల్లో గదులకు గిరాకీ.

ఓనరు సంగతి. ఆ దేశపు మోటెళ్ళలో పెద్ద వాటా గుజరాతీలది. "మనవాళ్ళే" అని ఆపేస్తే వాళ్ళ చాకిరీ కనపడదు. అర్ధరాత్రి బెల్లు కొడితే లేచేదెవరో, దుప్పట్లు ఉతికేదెవరో అడుగు. ఒప్పుకుంటేనే రాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. ఎనిమిది పలకల లాంగ్‌వుడ్ మేడ పని 1861లో అమెరికా అంతర్యుద్ధంతో ఆగిపోయిందని చక్కగా రాశావు. ఆ మేడలు లేపిన డబ్బు పత్తిది, ఆ పత్తి పండించింది నల్లజాతి బానిసలు. వాళ్ళను అమ్మిన సంత, ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్, ఆ ఊళ్ళోనే ఉంది, నీ వ్యాసంలో లేదు. మోటెల్‌కీ ఆ చరిత్రలో పాలుంది. తమకు గది ఎక్కడ దొరుకుతుందో తెలియడానికి నల్లజాతి ప్రయాణికులు 1936లో మొదలైన గ్రీన్ బుక్ అనే గైడు చేతబట్టుకుని తిరిగారు. 1964లో, జాతి చూసి గది కాదనకూడదనే పౌరహక్కుల చట్టం రాగానే, అట్లాంటాలోని 216 గదుల హార్ట్ ఆఫ్ అట్లాంటా మోటెల్ వాళ్ళకు గదులివ్వబోమని కోర్టుకెక్కింది. ఆ డిసెంబరు 14న సుప్రీంకోర్టు ఆ మోటెల్ వాదనను కొట్టేసింది. నువ్వు కార్డిచ్చి తాళం తీసుకున్న కౌంటరు వెనక ఇంత ఉంది.

పార్క్‌వే పొడవు 444 మైళ్ళు, దాని మీద పెట్రోలు బంకు లేదు. నాచెజ్‌లోనే ట్యాంకు నింపుకోవాలని చివరి పేరాలో చేర్చు. దిద్దాక మళ్ళీ పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య