ఇంట్లో చదువుకునే చిన్నపిల్లలకు చరిత్ర పుస్తకాలు ఎలా ఎంచుకోవాలి?

ఏడేళ్ల పాపకు ఇంట్లోనే చదువు చెబుతున్నామని, చరిత్ర ఎలాంటి పుస్తకంతో మొదలుపెట్టాలని అడిగారు. రాజవంశాల వరుస, తేదీల పట్టిక ఉన్నవి ఇప్పుడే వద్దు. వందేళ్ల క్రితం అన్నా, వెయ్యేళ్ల క్రితం అన్నా ఆ వయసులో దాదాపు ఒకటే. ఒక చోటు, ఒక మనిషి, లేదా ఒక వస్తువు చుట్టూ కథ నడిపే పుస్తకం తీసుకోండి.

కొనేముందు నేను ముఖ్యంగా చూసేది ఒకటుంది. 'ఈ సంగతి మనకెలా తెలిసింది?' అనే ప్రశ్నకు పుస్తకంలో జవాబు ఉందా? రామప్ప గుడినే తీసుకోండి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు దాన్ని 1213లో కట్టించాడని అక్కడి శాసనం చెబుతోంది. రామప్ప అనే శిల్పి వల్ల ఆ పేరొచ్చిందన్నది జనం చెప్పుకునే మాట. ఈ రెండింటికీ తేడా చూపించే పుస్తకం దొరికితే వదలకండి. పిల్లలకు ఆ తేడా బాగానే అర్థమవుతుంది, మనమే వాళ్లను తక్కువ అంచనా వేస్తాం.

బొమ్మల కథలు కూడా చదివించండి. అయితే అందులోని సంభాషణలు చాలావరకు రచయిత ఊహించి రాసినవని ముందే చెప్పండి. రాజులతో పాటు నేతగాళ్లు, రైతులు, ఆడవాళ్లు కనిపిస్తున్నారో లేదో చూడండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల పిల్లల పుస్తకాలు తెలుగులో తక్కువ ధరకే దొరుకుతాయి.

కాలం లెక్క కోసం గోడకు ఒక దారం కట్టి, పాప పుట్టిన రోజు, అమ్మమ్మ చిన్నప్పటి ఫొటో, చదివిన కథల బొమ్మలు వరుసగా తగిలించండి.