సిమ్యులేషన్‌లో కాంతి లెక్క: 97 శాతమా, 71 శాతమా?

ప్రశ్న: ఎల్‌ఈడీ ముందు యాక్రిలిక్ లెన్స్ పెట్టి రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టే) సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేశాను. లెన్స్‌కి దగ్గరగా పెద్ద రిసీవర్ (తన మీద పడిన కాంతిని కొలిచే ఊహా తెర) పెడితే ఎఫిషియెన్సీ, అంటే ఎల్‌ఈడీ కాంతిలో దానికి చేరిన వంతు, 97 శాతం చూపిస్తోంది, రెండు మీటర్ల దూరంలో చిన్న రిసీవర్ పెడితే 71. రిపోర్టులో ఏది రాయాలి? కిరణాల సంఖ్య పెంచితే తేలిపోతుందా?

జవాబు: కిరణాల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ 97 మీదే నాకు అనుమానం. యాక్రిలిక్ వక్రీభవన గుణకం 1.49 దగ్గర ఉంటుంది కాబట్టి నిటారుగా పడిన కాంతిలో కూడా దాదాపు 3.9 శాతం మొదటి ఉపరితలం దగ్గరే వెనక్కి పోతుంది, బయటికొచ్చేటప్పుడు ఇంకోసారి అంతే, బాగా ఏటవాలుగా పడితే ఇంకా ఎక్కువ. పూత లేని లెన్స్‌ నుంచి సుమారు 92 శాతం వస్తేనే చాలా బాగా వచ్చినట్టు. కాబట్టి ఉపరితలాల సెట్టింగ్‌లో ఫ్రెనెల్ నష్టాలు (ఇలా ఉపరితలం దగ్గర వెనక్కి పోయే కాంతి లెక్క) ఆన్‌లో ఉన్నాయా చూడండి. సోర్స్, అంటే మోడల్‌లోని ఎల్‌ఈడీ, పొరపాటున లెన్స్ లోపలికి చొచ్చుకుపోయినా ఇలాగే జరుగుతుంది, లోపలే పుట్టిన కిరణాలకు మొదటి ఉపరితలం నష్టం తగలదు.

71 మాత్రం తప్పు కాకపోవచ్చు, అది వేరే ప్రశ్నకు జవాబు. లెన్స్ దాటిన కాంతి మొత్తం ఎంత అన్నది ఒకటి, మీకు కావలసిన చోట పడింది ఎంత అన్నది ఇంకొకటి. రెండూ రాయండి, కానీ పక్కనే రిసీవర్ సైజు, దూరం, దేంతో భాగించారో తప్పకుండా రాయండి. అవి లేని శాతాన్ని ఎవరూ సరిచూడలేరు.

ఆ తర్వాత జమాఖర్చు రాసినట్టు మొత్తం ఫ్లక్స్ (కాంతి పరిమాణం) సరిచూడండి: సోర్స్ వదిలింది ఎంత, రిసీవర్‌కి చేరింది, పదార్థం పీల్చుకుంది, పక్కలకు పోయింది, శక్తి బాగా తగ్గిందని సాఫ్ట్‌వేర్ మధ్యలో వదిలేసింది ఎంతెంత. కూడితే 100 రావాలి. రిసీవర్ ఒక్కటే 100 దాటించిందంటే అదే కిరణం వెనక్కి తిరిగొచ్చి రెండోసారి లెక్కలో పడిందేమో చూడండి, ఒక వైపు నుంచి వచ్చే కిరణాలనే లెక్కపెట్టేలా మారిస్తే సరిపోతుంది.

ఇక కిరణాలు. మొత్తం ఎఫిషియెన్సీకి లక్ష చాలు, 80 శాతం దగ్గర లెక్కలో ఊగిసలాట 0.13 శాతం పాయింట్లే ఉంటుంది. అదే లక్షను, కాంతి ఎక్కడెంత పడిందో చూపే 100×100 గళ్ల మ్యాప్ మీద పరిస్తే గడికి పదే కిరణాలు, ఒక్కో గడిలో 30 శాతం పైనే తేడా రావచ్చు! ఆ తేడా సగం కావాలంటే కిరణాలు నాలుగింతలు కావాలి. ఫ్రెనెల్ ఆఫ్‌లో ఉంటే మాత్రం కోటి కిరణాలు వేసినా అదే తప్పు జవాబు ఇంకా నున్నగా వస్తుంది, అంతే.

ప్రశ్న: ఎఫిషియెన్సీ 80 శాతం అంటే వాట్‌కి ఎన్ని ల్యూమెన్లు?

జవాబు: ఆ ఒక్క అంకెతో చెప్పలేం. ఎల్‌ఈడీ వాట్‌కి 150 ల్యూమెన్లు ఇస్తూ, డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్) 90 శాతం, మీ ఆప్టిక్స్ 80 శాతం అయితే 150×0.9×0.8, అంటే 108. ఆ 150 కూడా డేటాషీట్‌లో ఏ ఉష్ణోగ్రత దగ్గర ఇచ్చారో చూసుకోండి, చిప్ వేడెక్కేకొద్దీ ల్యూమెన్లు తగ్గుతాయి, మామూలు రే ట్రేసింగ్‌లో ఆ తగ్గుదల మీరు ఇస్తేనే ఉంటుంది.