అమెరికా పౌరసత్వం వచ్చాక భారత పాస్‌పోర్టు, నాన్నగారి పొలం, ఓసీఐ: మీ మూడు ప్రశ్నలకు జవాబు

అమెరికా పౌరసత్వ ప్రమాణం చేశాక భారత పాస్‌పోర్టు ఎన్నాళ్లు వాడుకోవచ్చు, ఊళ్లో నాన్నగారి పొలం మీద హక్కు పోతుందా, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు) తీసుకుంటే రెండు దేశాల పౌరులైనట్టేనా అని అడిగారు.

పాస్‌పోర్టు ఒక్కరోజు కూడా వాడకూడదండీ. పౌరసత్వ చట్టం 1955, సెక్షన్ 9 ప్రకారం ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకోగానే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. పాస్‌పోర్టు సరెండర్ చేయడం ఆ తర్వాతి కాగితపు పని మాత్రమే. పుస్తకం మీద ఇంకా గడువున్నా దాంతో ప్రయాణిస్తే నేరమే. చాలామంది ప్రమాణం అయిన పది రోజులకే ఇండియా టికెట్ కొనేసి ఇరుక్కుంటారు. గ్రీన్‌కార్డు ప్రమాణం రోజునే తీసేసుకుంటారు. అమెరికా పాస్‌పోర్టు కోసం న్యాచురలైజేషన్ సర్టిఫికెట్ (పౌరసత్వం వచ్చినట్టు ఇచ్చే పత్రం) ఒరిజినల్ పంపాలి. అది వెనక్కి వచ్చేదాకా చేతిలో ఏమీ ఉండదు. పంపేముందే స్కాన్ చేసి పెట్టుకోండి. అమెరికా పాస్‌పోర్టు వచ్చాక సరెండర్ సర్టిఫికెట్‌కు, ఓసీఐకి వీఎఫ్‌ఎస్ (భారత కాన్సులేట్ల తరఫున దరఖాస్తులు తీసుకునే సంస్థ) ద్వారా దరఖాస్తు పెట్టాలి.

మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది పేర్ల దగ్గర. భారత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా కాగితాల్లో మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఒకచోట ఇనీషియల్, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు ఉన్నా తంటాయే. సరిచేసుకోవడానికి మంచి సమయం ఎన్-400 (పౌరసత్వ దరఖాస్తు ఫారం) వేసేటప్పుడే. పేరు మార్పు అందులోనే అడగొచ్చు. కాకపోతే అప్పుడు ప్రమాణం కోర్టులో జరగాలి కాబట్టి కొన్ని ఊళ్లలో ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం భరించడమే మేలు. పేరు మారిన కాగితాన్ని ఓసీఐ దరఖాస్తుకు జతచేయండి.

పొలం విషయంలో అందరూ పౌరసత్వం గురించి భయపడతారు గానీ, ఆంక్ష ఎన్నారై అయినప్పుడే మొదలైంది. ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం ఎన్నారై అయినా ఓసీఐ అయినా వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోట కొనకూడదు, గిఫ్ట్‌గానూ తీసుకోకూడదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. అందుకే నాన్నగారు బతికుండగానే ప్రేమకొద్దీ మీ పేరున గిఫ్ట్ డీడ్ రాస్తే అది నిబంధనలకు విరుద్ధం, తర్వాత అమ్ముకోబోతే చిక్కు అక్కడే బయటపడుతుంది. వీలునామా రాయించండి. వారసత్వంగా వచ్చిన భూమిని ఉంచుకోవచ్చు, అమ్మితే మాత్రం ఇండియాలో ఉండే భారత పౌరులకే అమ్మాలి. ఇల్లు, ఫ్లాట్, షాపు కొనడానికి ఈ అడ్డంకి లేదు.

ఓసీఐ ద్వంద్వ పౌరసత్వం కాదు. అది జీవితకాల వీసా, దాంతోపాటు కొన్ని హక్కులు. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడలేరు. పాత ఓటరు కార్డు ఇంట్లో ఉంది కదా అని ఊరెళ్లినప్పుడు ఓటేయకండి, నేరం. జాబితాలోంచి పేరు తీయించండి. జర్నలిజం, పరిశోధన, మతప్రచారం, పర్వతారోహణ లాంటి వాటికి 2021 నోటిఫికేషన్ ప్రకారం ముందుగా ప్రత్యేక అనుమతి కావాలి. బ్యాంకులో సాధారణ సేవింగ్స్ ఖాతా ఇంకా ఉంటే ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియాలో ఉంచుకునే రూపాయి ఖాతా) మార్పించండి.

పిల్లల సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలి. 18 ఏళ్లలోపు ఉండి, గ్రీన్‌కార్డుతో మీ దగ్గరే, మీ సంరక్షణలోనే ఉంటే, మీరు పౌరులు కాగానే వాళ్లూ అమెరికా పౌరులవుతారు. వాళ్ల భారత పాస్‌పోర్టులు కూడా మీవాటితోపాటే సరెండర్ చేయండి.