చేను మీదుగా టవర్ లైన్ వస్తుంటే... మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కరెంటు టవర్ల గురించే. అందులో వింతేమీ లేదు. రాయలసీమలో సోలార్, గాలిమరల కరెంటు పెరిగేకొద్దీ దాన్ని వాడకం ఉన్న చోటికి మోసుకెళ్లే లైన్లూ పెరగాల్సిందే, అవి ఎవరో ఒకరి చేల మీదుగానే పోవాలి. అందుకే శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: మా నాలుగెకరాల చేను మధ్యలోంచి 400 కేవీ (కిలోవోల్టుల) లైన్ పోతుందట. సర్వే వాళ్లు వచ్చి గుర్తులు పెట్టి వెళ్లిపోయారు, మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. మా సంతకం లేకుండా టవర్ వేయొచ్చా? దీన్ని ఎలా ఆపాలి?
(నంద్యాల జిల్లా రైతు)

జవాబు: చేదుగా ఉన్నా ఉన్నమాట చెప్పాలి. వేయొచ్చు. విద్యుత్ చట్టం 2003లో 68వ సెక్షన్ కింద లైనుకు ప్రభుత్వ ఆమోదం తీసుకుంటారు, 164వ సెక్షన్ కింద పాత టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలు, అంటే ఇతరుల భూమిలో స్తంభాలు, తీగలు వేసే హక్కు, తెచ్చుకుంటారు. 1885 నాటి ఆ చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికాం చట్టం తెచ్చినా, కరెంటు లైన్లకు పనికొచ్చే భాగాన్ని మాత్రం అలాగే ఉంచారు. 164 కింద అధికారం ఉన్న సంస్థకు భూమి యజమాని ముందస్తు అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు కూడా 2016లో తేల్చి చెప్పింది. మీరు అడ్డుపడితే వాళ్లు కలెక్టర్ దగ్గరికి వెళ్లి ఉత్తర్వు తెచ్చుకుంటారు, ఆ తర్వాత కూడా పని ఆపితే మీ మీద కేసు అవుతుంది. పొక్లెయిన్ ముందు పడుకుని పోలీసులతో తోపులాడిన కుటుంబాల బాధ మాకు తెలుసు, అందుకే ముందే చెబుతున్నాం.

ఇందులో మీకు ఊరట కలిగించే సంగతి ఒకటుంది. ఇది భూసేకరణ కాదు. భూమి మీ పేరు మీదే ఉంటుంది, పాసు పుస్తకంలో ఒక్క సెంటు కూడా తగ్గదు. వాళ్లకు వచ్చేది వాడుకునే హక్కు మాత్రమే, అది కూడా వీలైనంత తక్కువ నష్టం చేస్తూ, జరిగిన నష్టానికి పూర్తి పరిహారం ఇస్తూ.

ఇక మీ చేతిలో ఉన్న పని చూద్దాం. లైను ఏయే ఊళ్ల మీదుగా పోతుందో పత్రికల్లో నోటీసు వేస్తారు, అభ్యంతరాలకు గడువు కూడా అందులోనే ఉంటుంది. ఆ గడువు దాటకముందే సర్వే నంబరు రాసి, నక్షా జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. 'లైనే వద్దు' అని రాస్తే పక్కన పడేస్తారు. లైను దిశ మారాలంటే మూల టవర్ కావాలి, అది బరువు, ఖర్చు, కాబట్టి మొత్తం లైనును జరపడానికి ఎవరూ ఒప్పుకోరు. కానీ అదే వరసలో టవర్‌ను కొన్ని మీటర్లు ముందుకో వెనక్కో జరపడం చాలాచోట్ల వీలవుతుంది. బోరు పక్కన కాకుండా, చేను నడిబొడ్డున కాకుండా గట్టు మీదకో మూలకో జరపమని అడగండి. పునాది గుంట తవ్వక ముందే అడగాలి సుమా, కాంక్రీటు పోశాక ఎవరూ వినరు.

ప్రశ్న: మాకు టవర్ పడలేదు, తీగలు మాత్రమే పోతున్నాయి. 'టవర్ ఉన్నవాళ్లకే డబ్బు, మీకు పంట నష్టం ఇస్తాం' అంటున్నారు. నిజమేనా?
(అనంతపురం నుంచి ఇద్దరు అన్నదమ్ములు)

జవాబు: ఆ మాట నమ్మకండి. చాలామంది రైతులు మోసపోయేది ఇక్కడే. అందరి చూపూ టవర్ మీదే ఉంటుంది, అసలు పెద్ద మొత్తం మాత్రం కారిడార్‌లో, అంటే లైను పొడవునా తీగల కింద ఉండే నేల పట్టీలో ఉంటుంది.

2015 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో టవర్ కింది నేలకు భూమి విలువలో 85 శాతం, కారిడార్‌కు గరిష్ఠంగా 15 శాతం అన్నారు. 2024 జూన్‌లో దాన్ని మార్చి టవర్ కింది నేలకు 200 శాతం, కారిడార్‌కు 30 శాతం చేశారు. టవర్ నేల అంటే నాలుగు కాళ్ల మధ్య జాగాతో పాటు చుట్టూ ఇంకో మీటరు. 2025 మార్చిలో పట్టణాల వాళ్లకు కారిడార్ వాటా పెంచారు: మున్సిపాలిటీల్లో 45, కార్పొరేషన్లలో, మహానగర ప్రాంతాల్లో 60 శాతం. పల్లెల్లో 30 శాతమే.

లెక్క వేసి చూడండి. 400 కేవీ డబుల్ సర్క్యూట్ లైనుకు (ఒకే టవర్ మీద రెండు జతల తీగలు పోయేది) కారిడార్ వెడల్పు మామూలుగా 46 మీటర్లు. మీ చేనులో 200 మీటర్ల పొడవున తీగలు పోతే 9,200 చదరపు మీటర్లు, అంటే దాదాపు 2.27 ఎకరాలు. ఎకరం 20 లక్షలనుకుంటే అందులో 30 శాతం 13 లక్షల 60 వేలు దాటుతుంది. అదే 20 లక్షల లెక్కన, కాళ్ల మధ్య పది మీటర్లు ఉన్న టవర్‌కు మీటరు కలిపితే 144 చదరపు మీటర్లు, మూడున్నర సెంట్లు. దానికి 200 శాతం ఇచ్చినా వచ్చేది లక్షా నలభై వేల చిల్లర. 'నాకు టవర్ పడలేదులే' అని ఊరుకున్నవాళ్లు ఎంత పోగొట్టుకుంటున్నారో చూడండి!

పంట, చెట్ల నష్టం దీనికి అదనం. పునాదికి ఒకసారి, టవర్ నిలబెట్టేటప్పుడు ఒకసారి, తీగ లాగేటప్పుడు ఒకసారి పంట పాడవుతుంది, కాబట్టి పాడైన ప్రతిసారీ పంచనామా జరగాలి, అందులో మీ సంతకం ఉండాలి. ఖాళీ కాగితం మీద మాత్రం పెట్టకండి. పని మొదలవకముందే పంటతో, చెట్లతో సహా ఫోటోలు తీసి పెట్టుకోండి, అడంగల్ నకలు తీసుకోండి. ఆంధ్రలో అయితే ఈ-క్రాప్ నమోదు ఉందో లేదో చూసుకోండి, రేపు మీ మాటకు బలం అదే.

ఒక జాగ్రత్త. ఈ కేంద్ర మార్గదర్శకాలు 66 కేవీ, ఆపై టవర్ లైన్లకే. రాష్ట్ర పరిధిలోని లైన్లకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు చూడాలి. మీ లైను అంతర్‌రాష్ట్ర లైనా, రాష్ట్ర లైనా, ఏ ఉత్తర్వు ప్రకారం లెక్క కట్టారో కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా అడగండి, జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. భూమి విలువ దగ్గర కూడా గట్టిగా ఉండాలి. రిజిస్ట్రేషన్ విలువ కంటే అసలు ధర ఎక్కువగా ఉన్న చోట మార్కెట్ ధరను కలెక్టర్ ద్వారా తేల్చే వీలు ఉంది. చుట్టుపక్కల ఈమధ్య జరిగిన అమ్మకాల దస్తావేజులు సేకరించి ఊరంతా కలిసి ఇవ్వండి, ఒక్కరు వెళ్తే వినరు.

ప్రశ్న: రెండేళ్ల క్రితం తీగలు లాగారు. చేతిలో ఎంతో కొంత పెట్టారు, సంతకం కూడా చేశాను. ఇప్పుడేమైనా చేయొచ్చా?
(ఖమ్మం)

జవాబు: పరిహారం చాలలేదని టెలిగ్రాఫ్ చట్టం 16(3) కింద జిల్లా జడ్జి ముందు దరఖాస్తు వేయొచ్చు. దానికి మూడేళ్ల గడువు వర్తిస్తుందని 1976లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి మీరు ఈ నెలలోనే లాయర్ని కలవండి. మీరు సంతకం చేసిన కాగితంలో ఏం రాసి ఉందో ఆయనకు చూపించండి, 'ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న వాక్యం ఉంటే కాస్త కష్టపడాలి. 2007లో కేరళ నుంచి వచ్చిన లివిషా కేసులో సుప్రీంకోర్టు, భూమి ఎక్కడుంది, తీగ ఎంత పొడవున పోతోంది, చిన్న కమతం మీదుగానా, చేను మధ్యలోంచా అన్నవి చూసి నష్టం కట్టాలని చెప్పింది. మీ దరఖాస్తులో ఈ సంగతులే వివరంగా ఉండాలి, 'చాలా నష్టపోయాను' అని రాస్తే చాలదు.

ప్రశ్న: భూమి లోపల కేబుల్ వేయొచ్చు కదా? నగరాల్లో వేస్తున్నారు.

జవాబు: నగరంలో జాగా లేక, దూరం తక్కువై వేస్తారు. ఖర్చు ఎన్నో రెట్లు, చెడితే వెతికి బాగుచేయడానికి వారాలు పట్టొచ్చు. ఏసీ కరెంటు (దిశ మారుతూ పారే మామూలు కరెంటు) కేబుల్ పొడవు పెరిగేకొద్దీ కేబులే కరెంటును మింగేస్తుంది, అందుకే వందల కిలోమీటర్లకు పనికిరాదు. పైగా ఆ కందకం మీద చెట్లు పెంచనివ్వరు.

ప్రశ్న: తీగల కింద పిల్లలు తిరిగితే క్యాన్సర్ వస్తుందని ఊళ్లో భయపడుతున్నారు. సేద్యం చేసుకోవచ్చా?
(పల్నాడు జిల్లా నుంచి ఒక గృహిణి)

జవాబు: అమ్మా, ఈ రకం అయస్కాంత క్షేత్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో 'కారణం కావచ్చు' అన్న జాబితాలో పెట్టింది. పిల్లల్లో రక్త క్యాన్సర్‌కూ దీనికీ బలహీనమైన సంబంధం మాత్రమే కనిపించింది, కారణం ఇదేనని రుజువు కాలేదు. తీగకు దూరం జరిగేకొద్దీ ఆ క్షేత్రం బాగా తగ్గిపోతుంది. చేలో పని చేసుకునేందుకు భయం అక్కర్లేదు, ఇల్లు మాత్రం కారిడార్‌లో కట్టకూడదు, కట్టనివ్వరు కూడా.

వరి, కంది, మిరప, కూరగాయలు హాయిగా పండించుకోవచ్చు. కొబ్బరి, పామాయిల్, జామాయిల్, సుబాబుల్ లాంటి ఎత్తు చెట్లు వద్దు, 400 కేవీ తీగకూ చెట్టుకూ మధ్య కనీసం 5.5 మీటర్లు ఉండాలి. మా అసలు భయం వేరే ఉంది. స్ప్రింక్లర్ అల్యూమినియం పైపులను తీగల కింద నిలువుగా ఎత్తుతుంటారు, తీగను తాకక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు ప్రాణం పోతుంది. పైపును ఎప్పుడూ అడ్డంగానే మోయమని కూలీలకు కూడా చెప్పండి. పొడవాటి ఇనుప కంచె ఉంటే దానికి ఎర్తింగ్ చేయించండి. వానలో తీగలు చిటపటమంటే అది తేమ వల్ల వచ్చే చప్పుడే. తీగ తెగి కిందపడితే మాత్రం ఎవర్నీ దగ్గరికి పోనివ్వకుండా 1912కి ఫోన్ చేయండి.