ఉచిత డేటాకు తాళంచెవి ఎవరిది?

ప్రశ్న: పేదలకు ఉచితంగా ఇంటర్నెట్ ఇస్తానన్న ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ను 2016లో మనవాళ్లు ఆపేశారు. అసలేమీ లేనిచోట కొంతైనా దొరికితే తప్పేముంది? వాళ్ల లాభం వాళ్లు చూసుకున్నా మనకు మేలు జరిగితే చాలదా?
– ఏలూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: లాభం చూసుకోవడం నేరమేం కాదు. వాళ్ల మనసులో ఏముందో మనకు అనవసరం. ఏర్పాటు ఎలా చేశారో చూడండి.

2013లో ఇంటర్నెట్.ఆర్గ్ పేరుతో మొదలైన ఈ పథకం 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్స్ ద్వారా మన దేశానికొచ్చింది. మొదట అందిన రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. ఆ సిమ్ ఉంటే డేటా బ్యాలెన్స్ లేకున్నా ముప్పై పైచిలుకు సైట్లు తెరుచుకునేవి. ఫేస్‌బుక్ అందులో ఉంది, యూట్యూబ్ లేదు. డేటా ఖర్చు ఫేస్‌బుక్‌ది కాదు, టెలికం కంపెనీది. దానికేం లాభమంటారా? కొత్తగా చేరినవాళ్లలో సగంమంది 30 రోజుల్లో డబ్బు కట్టి పూర్తి ఇంటర్నెట్ తీసుకుంటున్నారని ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గే చెప్పుకున్నారు. సంతలో బెల్లం ముక్క చేతిలో పెట్టి రుచి చూడమన్నట్టే.

ఇక లోపలి సంగతి. ఏ సైటైనా చేరాలంటే ఫేస్‌బుక్ షరతులకు లోబడాలి: వీడియో, ఇంటర్నెట్ కాల్స్ కుదరవు, ఫొటో 200 కేబీ దాటకూడదు, జావాస్క్రిప్ట్ (పేజీలో కదలికలు తెచ్చే ప్రోగ్రామ్ భాష) లేకుండానే పేజీ పనిచేయాలి. పాత ఫోన్లలో తెరుచుకోవడానికే ఈ షరతులన్నారు, అందులో కొంత నిజముంది. కానీ ఏది ఉచితమో, దేనికి డబ్బు కోయాలో టెలికం కంపెనీకి తెలియాలి కదా, అందుకని రాకపోకలన్నీ ఫేస్‌బుక్ ప్రాక్సీ సర్వర్ (మధ్యలో ఉండి చేరవేసే కంప్యూటర్) మీదుగా నడిపారు. కుర్రాడు ఉద్యోగాల సైటు తెరిచినా, తల్లి బిడ్డ జబ్బు గురించి చూసినా ఆ గుమ్మం దాటే పోవాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015 డిసెంబర్‌లో నాలుగు ప్రశ్నలతో అభిప్రాయాలు కోరితే, ఫేస్‌బుక్ తన వాడుకదారులకు ఒక బటన్ చూపింది. నొక్కితే ‘ఫ్రీ బేసిక్స్‌ను సమర్థిస్తున్నాను’ అన్న మెయిల్ ట్రాయ్‌కి పోతుంది. లక్షల్లో వెళ్లాయి. అడిగిన ప్రశ్నలకు మాత్రం అందులో జవాబు లేదు, ట్రాయ్ ఆ మాటే గట్టిగా చెప్పింది. 2016 ఫిబ్రవరి 8న నిబంధనలొచ్చాయి: చూసే కంటెంట్‌ను బట్టి డేటా ధర మార్చకూడదు. మారిస్తే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల జరిమానా. అత్యవసర సేవలకు వెసులుబాటు ఉంది, కాకపోతే ఏడు పనిదినాల్లో ట్రాయ్‌కి తెలపాలి. ఇచ్చేది లాభం కోసమా, సేవ కోసమా అని ఆ నిబంధన అడగదు. సేవాసంస్థ ఇచ్చినా ఒప్పుకోదు.

ఇతర దేశాల్లో కొనసాగిన ఈ ఉచితం సంగతి 2022 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. ఉచిత మోడ్‌లో కనబడకూడని వీడియోలు సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కనబడ్డాయి, నొక్కినవాళ్లకు డబ్బు కోసుకున్నారు. 2021 జులైతో ముగిసిన ఏడాదిలో ఇలా పోయింది నెలకు సుమారు 78 లక్షల డాలర్లని కంపెనీ సొంత పత్రాల్లోని అంచనా. ప్రీపెయిడ్ వాళ్లకు బ్యాలెన్స్ అయిపోయాక గానీ తెలియదు.

ప్రశ్న: జుకర్‌బర్గ్ దంపతులు 99 శాతం షేర్లు దానం ప్రకటించింది పన్ను ఎగ్గొట్టడానికేనా?
– కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆ విమర్శ గురి తప్పింది. 2015 డిసెంబర్‌లో వాళ్లు తమ జీవితకాలంలో ఇస్తామన్న షేర్ల విలువ అప్పట్లో సుమారు 4,500 కోట్ల డాలర్లు. వాటిని పెట్టింది ధార్మిక ఫౌండేషన్‌లో కాదు, ఎల్‌ఎల్‌సీలో, అంటే మామూలు పరిమిత బాధ్యత కంపెనీలో. అందులోకి మార్చినంతమాత్రాన పన్ను మినహాయింపు రాదు, అక్కడినుంచి నిజమైన ధార్మిక సంస్థకు ఇచ్చినప్పుడే వస్తుంది.

అడగాల్సింది వేరే ఉంది. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్ ఏటా ఆస్తిలో దాదాపు 5 శాతం ఖర్చుపెట్టాలి, లెక్కలు బయటపెట్టాలి, చట్టాల కోసం లాబీయింగ్ చేయకూడదు. ఎల్‌ఎల్‌సీకి ఈ బాధలేవీ లేవు. షేర్ల ఓటు హక్కూ జుకర్‌బర్గ్ చేతిలోనే ఉంటుంది. లాభాపేక్ష ఉన్న కంపెనీల్లోనూ పెట్టుబడి పెట్టొచ్చు. పెట్టారు కూడా: 2016లో సెకోయా అనే పెట్టుబడి సంస్థతో కలిసి మన బైజూస్‌కు 5 కోట్ల డాలర్ల పెట్టుబడి సమకూర్చింది ఈ ‘దానం’ సంస్థే.